ఇత్సింగ్ చెప్పిన ప్రయాణనీతి

మన యిండ్లలో నెవరైనను విదేశమునకు బయలుదేరునప్పుడు మొట్టమొదట మనకు పెట్టె సంగతియే తలపునకు వచ్చును. పాస్‌పోర్టు, వీసా, మందులు, ఉన్నిబట్టలు మొదలుకొని ఊరగాయ జాడీ వరకు జాబితా సిద్ధమగును. అచ్చటి భాష యెట్టిది, ఆచారమెట్టిది, నీరెట్టిది యను తలంపు ఆ పిమ్మటనే కలుగును. పదమూడు శతాబ్దులకు పూర్వము మన దేశమునకు విదేశీయుడుగా వచ్చిన యొక చీనా భిక్షువు వీనినే ముందుగా తలచెను. అతడే ఇత్సింగ్.

హ్యూన్‌త్సాంగ్ ఎడారులును కొండలును దాటి వచ్చి, 645లో స్వదేశము చేరెను. ఇత్సింగ్ ఎన్నుకొన్నది సముద్రమార్గము. క్రీ.శ. 671లో, సుమారు ముప్పదియారేండ్ల ప్రాయమున, అతడు కాంటన్ రేవులో పారశీకుల ఓడ నెక్కెను. తోడు వత్తుమన్న మిత్రులు ఒక్కొక్కరుగా వెనుదీసిరి. తుదకు వెంట వచ్చిన యువభిక్షువును త్రోవలో జబ్బుపడి వెనుకకు మరలెను. ఇరువది దినములు నిండకమునుపే ఓడ సుమత్రా దీవిలోని శ్రీవిజయమును, అనగా నేటి పాలెంబాంగ్ ప్రాంతమును చేరెను. అచ్చటినుండి త్వరపడి మన దేశమునకు రాక, ఇత్సింగ్ ఆరు మాసములు నిలిచి సంస్కృత వ్యాకరణము నభ్యసించెను. 673లో వంగదేశపు తామ్రలిప్తి రేవున దిగిన పిమ్మటను సుమారొక యేడు అచ్చటనే యుండి భాషను మెరుగుపరచుకొనెను.

ఇంత సిద్ధపడినవానికిని ఆపద తప్పలేదు. నలందకు పోవు మార్గమున కొండలు, బురదనేలలు దాటవలసియుండెను. అందుచే అతడు వందలకొలది వర్తకులతో గూడి నడచెను. కాని నడుమ వ్యాధి సోకి వెనుకబడెను. ప్రొద్దు గ్రుంకువేళ దొంగలు విండ్లు పట్టి వచ్చి కట్టుబట్టలతో సహా దోచుకొనిరి. తెల్లని మేనిచాయ గలవారిని బలి యిత్తురను వదంతి అతడు వినియుండెను. కావున ఒడలెల్ల బురద పూసికొని, ఆకులు కప్పుకొని, కఱ్ఱ యూతగా రాత్రివేళకు తనవారిని చేరుకొనెను. గుంపును విడిచిన ప్రయాణికుని స్థితి యెట్టిదో యీ ఘట్టమే తెలుపుచున్నది.

నలందలో పదేండ్లు చదివి, తిరుగుదారిని శ్రీవిజయమున నుండి, తన గ్రంథమును 692లో స్వదేశమునకు పంపెను. అందు నలువది ప్రకరణములు గలవు. భిక్షువునకు విడువరాని యారు వస్తువులలో మూడు చీవరములు, భిక్షాపాత్ర, ఆసనములతోపాటు నీటిని వడగట్టు గుడ్డ యొకటి. సూక్ష్మజీవులకు హింస కలుగరాదనుటయే దాని యుద్దేశము. త్రాగునీటికి మట్టికుండయో పింగాణిదో యుండవలెననియు, కడుగుకొను నీటికి వేరొక పాత్ర యుండవలెననియు వ్రాసెను. ఒడలు బాగుండనప్పుడు ముందుగా భోజనము మానవలెననెను. ఆ వైద్యమంతయు నేడు మన మనుసరింప నక్కరలేదు. కాని క్రొత్తచోట నీటి విషయమున జాగ్రత్తపడుట నేటికిని ప్రథమనియమమే.

అన్నిటికంటె మేలైన సలహా వేరొకటి. హిందూదేశమునకు పోగోరు చీనా భిక్షువు శ్రీవిజయమున ఒకటి రెండేండ్లు నిలిచి, అచ్చటి వేయిమందికి పైబడిన భిక్షువులనడుమ భాషయు నియమములును నేర్చుకొని, పిమ్మట సాగుట మంచిదని అతడు చెప్పెను. గమ్యమునకు చేరకమునుపే గమ్యమున మెలగుట నేర్చుకొమ్మని దీని భావము.

ఈ సలహా ఊరక పుట్టినది కాదు. ధర్మమును వెదకుచు విదేశములకు పోయిన 56 మంది భిక్షువుల చరితములను ఇత్సింగ్ వేరొక గ్రంథమున కూర్చెను. వారిలో పెక్కుమంది ఇల్లు చేరలేదు. చాంగ్‌మిన్ అను భిక్షువు ఎక్కిన వర్తకనౌక మోయలేని సరకుతో బయలుదేరి సముద్రమున మునిగిపోయెను. జనులు చిన్నపడవకై పెనుగులాడుచుండగా ఓడ యజమాని అతనిని రమ్మని పిలిచెను. ఇతరులను రక్షింపుమని చెప్పి, పడమటి దిక్కునకు మోడ్పుచేతులతో నిలిచి చాంగ్‌మిన్ మునిగిపోయెను. అతని శిష్యుడును అతనితోనే పోయెను.

ఇత్సింగ్ 695లో సుమారు నాలుగువందల గ్రంథములతో స్వదేశము చేరెను. ఆ గ్రంథములతోపాటు, త్రోవలో మడిసినవారి పేర్లను గూడ మఱుగుపడనీయక నిలిపెను. ముందు పోయినవారి కష్టమును వెనుక పోవువారికి జాగ్రత్తగా అందించుటయే ప్రయాణనీతి. మన పిల్లలు దూరదేశమునకు బయలుదేరునప్పుడు, పెట్టె సర్దకమునుపు, అచ్చటికి పోయి వచ్చినవారి నొక్కరినైన ఇంటికి పిలిచి వారి మాట వినిపింతము.