రేగడి ఊళ్ళో ఒక వేసవి వారం



పిల్లలకు బడి సెలవులిచ్చారు. ఈత క్లాసులు, కంప్యూటర్ క్లాసులు ఒక వారం పక్కన పెట్టి, మేము అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం పిల్లలందరినీ వెంటబెట్టుకుని కోవిల్‌పట్టి పక్కనున్న మా అవ్వ ఊరికి పోయివచ్చాం. అవ్వ పోయి మూడేళ్ళయింది. ఇల్లు తాళం వేసి ఉంది. నిజం చెప్పాలంటే, ఆ ఇల్లు అమ్మేద్దామా, ఉంచుదామా అని తేల్చుకోవడానికే పోయాం. అక్కడ వారం రోజులు ఉన్నాక, ఇంటి సంగతి కన్నా పెద్ద సంగతి ఒకటి మా కంటబడింది. దాన్ని మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాం.

కోవిల్‌పట్టి, సాత్తూరు, ఎట్టయపురం చుట్టుపక్కల నేలంతా నల్లమన్ను. తమిళంలో కరిసల్ అంటారు. మన ఇళ్ళలో రేగడి అంటాం. విజయనగరం దండులు మధుర మీదికి వచ్చిన 14వ శతాబ్దం నుంచీ, 1529లో విశ్వనాథ నాయకుడితో మధుర నాయకుల పాలన మొదలయ్యాక మరింతగా, తెలుగు కుటుంబాలు ఈ వైపు వచ్చాయి. రాజ్యాన్ని 72 పాళెములుగా పంచిన సంగతి మనకందరికీ తెలిసిందే. అయితే వచ్చినవాళ్ళంతా పాళెగాళ్ళు కారు. ఎక్కువమంది నాగలి పట్టినవాళ్ళే. తామ్రపర్ణి ఒడ్డున వరి పండే తడినేలల్లో అప్పటికే జనం నిండి ఉన్నారు. మనవాళ్ళకు దొరికింది వానను నమ్ముకున్న ఈ రేగడి. తెలుగు నేలమీద రేగడిలో జొన్న, పత్తి పండించినవాళ్ళకు అది కొత్త కాదు.

ఇక్కడి వేసవి ఎందుకంత తీరికగా ఉండేదో తెలియాలంటే ఈ నేల సంగతి తెలియాలి. ఈ సీమకు ముఖ్యమైన వాన ఈశాన్యం నుంచి వచ్చేదే. పురట్టాసి, ఐప్పసి నెలల్లో విత్తుతారు. తై, మాసి కల్లా జొన్న, సజ్జ ఇంటికి వస్తాయి. పత్తి ఏరడం ఇంకొన్నాళ్ళు సాగుతుంది. చిత్తిరై వచ్చేసరికి నేల కాలు దూరేంత నెర్రెలు విచ్చి పడుకుంటుంది. ఇక వాన పడి దుక్కి దున్నేదాకా చేలో పెద్ద పని ఉండదు. పెళ్ళిళ్ళు, అమ్మవారి కొడ, చుట్టాల రాకపోకలు అన్నీ ఆ రెండు నెలల్లోనే. మన పెద్దలు వేసవి సెలవు అనే మాట ఎరగరు గానీ, నేలే వాళ్ళకు సెలవిచ్చేది.

ఇప్పుడు మా వారం సంగతి.

పొద్దున్నే సజ్జ అంబలి. రాత్రి వండిన సంగటిని నీళ్ళలో వేసి ఉంచి, తెల్లవారి మజ్జిగ పోసి పిసికి, చిన్న ఉల్లిగడ్డ, మజ్జిగ మిరపకాయ నంజుకుని తాగడం. మొదటి రోజు పిల్లలు ముఖం తిప్పుకున్నారు. మూడో రోజు గిన్నె చాచారు. ఎండ ఎక్కకముందే తాటితోపు నుంచి పదనీరు వచ్చేది. పులవకుండా సున్నం పూసిన ముంతలో పట్టిన తాటినీరు అది. తాటాకు దొన్నెలో ముంజలు చీల్చి వేసి, దానిమీద పదనీరు పోసుకుని తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఆ నీటిని కాచి చేసిందే కరుప్పట్టి. మన ఇళ్ళలో తాటిబెల్లం.

మధ్యాహ్నం ఎవరూ గడప దాటరు. వేపచెట్టు నీడ పడే అరుగుమీద చాప పరచి, వామనగుంటల పీట ముందర పెట్టుకుంటే పొద్దు తెలియలేదు. గవ్వలు లేక చింతగింజలతో ఆడాం. మగపిల్లలు గచ్చుమీద బొగ్గుతో గీతలు గీసి పులీమేకా ఆడారు. సాయంత్రం కోవిల్‌పట్టి చెనక్కాయ చెక్క పొట్లం విప్పేవాళ్ళం. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పిల్లలకు చెబితే, ఇంకో ముక్క ఇమ్మన్నారు. రాత్రి మిద్దెమీద నీళ్ళు చల్లి, వేడి దిగాక పడకలు. పది గంటలకు గాలి తిరిగేది. అంతకు మించిన సుఖం మేము పట్నంలో ఎన్ని ఏసీలు పెట్టుకున్నా దొరకలేదు.

రెండో రోజు సాయంత్రం మా తాత బావి చూపించాం. నీళ్ళు లేవు. గట్టుమీద రాతిస్తంభాలు రెండు నిలబడి ఉన్నాయి. "ఇవి దేనికి?" అని మా అక్క మనవరాలు అడిగింది. "కపిల తోలడానికి" అన్నాం. "కపిల అంటే ఎవరు?" అంది. మేము నవ్వాం గానీ, తర్వాత నవ్వు రాలేదు. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలుబాన నిండి పైకి రావడం, నీళ్ళు కాలవలో పడిన చప్పుడు, తోలేవాడి పాట, ఇవన్నీ మేము మా చిన్నప్పుడు చూసినవే. కరెంటు మోటార్లు వచ్చి కపిల పోయింది. లోతుబోర్లు వచ్చి బావి ఎండింది. వస్తువు పోయాక మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అప్పుడు తట్టింది మాకు. మేము ఏ బడిలోనూ తెలుగు చదువుకోలేదు. మాకు వచ్చిన తెలుగంతా ఈ ఊళ్ళో, ఇలాంటి వేసవి వారాల్లో అవ్వ నోటినుంచి వచ్చిందే. ఏడాదంతా పట్నంలో తమిళం మాట్లాడి, చిత్తిరైలో ఇక్కడికి వచ్చి పడితే, ముంజలు, గంప, కవ్వం, దూడ, దడి, వామి, ఉట్టి అని ఒక్కో మాట ఒక్కో వస్తువుతో అంటుకుని వచ్చేది. 500 ఏళ్ళు మన భాష నిలవడానికి పాళెములు, కోటలు ఎంత కారణమో మాకు తెలియదు. ఈ అరుగులు, బావులు మాత్రం కచ్చితంగా కారణం.

మరో సంగతి కూడా దాచకూడదు. ఆ తీరిక అందరిదీ కాదు. మా ఇంటి ఆడవాళ్ళు ఆ ఎండలోనే పత్తికట్టె మోసి పొయ్యికింద పెట్టేవాళ్ళు, దూరంనుంచి నీళ్ళు తెచ్చేవాళ్ళు. మా చేలో పనిచేసినవాళ్ళకు వేసవి అంటే కూలి లేని కాలం. మేము ఈతలు కొట్టిన బావిలో వాళ్ళ పిల్లలను దిగనిచ్చేవాళ్ళు కారు. చాలామంది పొట్ట చేతబట్టుకుని సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పనికి పోయారు. వాన తక్కువైన ఈ ఎండే ఆ పరిశ్రమకు కలిసొచ్చింది. మన వేసవి జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు దీన్నీ చెప్పుకోవాలి.

కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్ ఉంది. ఇంట తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఊరు. తెలుగు నేల వదిలి నడిచివచ్చి, అడవి చదునుచేసి ఊరు కట్టుకున్నవాళ్ళ కథను ఆయన తమిళంలో గోపల్ల గ్రామం పేరుతో నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన యానాం చేరి ఉన్న పుదుచ్చేరిలోనే ఆయన చివరి ఏళ్ళు గడిపి, 2021 మేలో కన్నుమూశారు. నవలలు సరే, ఆయన చేసిన ఇంకో పని మాకు ఎక్కువ గుర్తొచ్చింది. కరిసల్ పల్లెల్లో జనం వాడే తమిళ మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టారు. తెలుగింటి బిడ్డ ఇరుగుపొరుగు మాటలకు అంత చేస్తే, మన ఇంటి మాటలకు మనం ఏం చేశాం?

అందుకని మూడో రోజు నుంచి ఒక నోటుబుక్ పెట్టాం. ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళ దగ్గరికి పిల్లలనే పంపాం. "అవ్వా, దీన్నేమంటారు?" అని అడగడం వాళ్ళ పని. వారం తిరిగేసరికి 112 మాటలు వచ్చాయి. పిల్లలకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి తమిళ అక్షరాల్లో రాశారు. అక్కడ చిక్కు వచ్చింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. కంప, గంప రెండూ ఒకేలా పడ్డాయి. ఒకటి ముల్లు, ఒకటి బుట్ట! పిల్లలే కనిపెట్టి, ఇట్లా కాదు, ఆ అక్షరాలేవో మాకు నేర్పండి అన్నారు. మేము చెప్పి ఒప్పించలేనిది ఒక గంప చేసింది.

ఇదే సీమలో, ఎట్టయపురంలో, సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తెలుగు లిపిలో అచ్చయింది. నూరేళ్ళు దాటిందంతే. అలాంటి చోట పుట్టిన పిల్లలకు గంప రాయడం రాలేదంటే తప్పు వాళ్ళది కాదు.

ఇంటి సంగతి ఇంకా తేలలేదు. వచ్చే చిత్తిరై దాకా అమ్మకూడదని మాత్రం అనుకున్నాం. ఇల్లు నిలిచినా నిలవకపోయినా నోటుబుక్ నిలవాలి.

సభ్యులకు మా మనవి ఒక్కటే. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, ఈ సెలవుల్లో ఒక్క వారం పిల్లలను ఊరికి తీసుకుపోండి. ఊరు లేకపోతే ఊరు ఎరిగిన పెద్దవాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. రోజుకు పది మాటలు రాయించండి. మాటతోపాటు, అది ఏ వస్తువో, ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో విన్నారో కూడా రాయించండి. అన్నీ కలిపి మన సంఘం తరఫున ఒక చిన్న పుస్తకం చేద్దాం.

మొదటి ప్రశ్న మేమే అడుగుతున్నాం. బావినుంచి ఎద్దులతో నీళ్ళు తోడేదాన్ని మా ఇంట్లో కపిల అంటాం. మీ ఇంట్లో ఏమంటారు?