కోపం లేని తల్లి: నార్విచ్ జూలియన్ చూసిన దేవుడు

1349లో నల్ల మహమ్మారి ఇంగ్లండ్‌లోని నార్విచ్‌ను తాకింది. ఉన్ని బట్టల వ్యాపారంతో బాగుపడి, దేశంలోని పెద్ద నగరాల్లో ఒకటిగా ఎదిగిన ఊరది. 1361లో మహమ్మారి తిరిగొచ్చింది. ఈసారి పిల్లల్నే ఎక్కువగా పొట్టన పెట్టుకుందని ఆ కాలపు రాతలు చెబుతాయి. 1369లో మరోసారి వచ్చింది. ఇన్ని చావులకూ చర్చి వేదికల మీద తరచుగా వినిపించిన కారణం జనం పాపం, దేవుడి కోపం. నార్విచ్ మఠంలో సన్యాసిగా ఉండి 1373లో రోచెస్టర్ బిషప్ అయిన థామస్ బ్రింటన్ కూడా తన ప్రసంగాల్లో మహమ్మారికి మూలం మనుషుల పాపమేనని గట్టిగా చెప్పాడు. సరిగ్గా అదే ఏడాది మే నెలలో, ముప్పై ఏళ్లు దాటిన ఒక స్త్రీ జబ్బుపడి, చావు అంచున ఉండగా పదహారు దర్శనాలు చూసింది. ఆ తర్వాత ఆమె నార్విచ్‌లోని సెయింట్ జూలియన్ చర్చిని ఆనుకుని ఉన్న గదిలో ఏకాంతవాసినిగా బతికింది. లోకం ఆమెను జూలియన్ అనే పిలుస్తోంది. ఇంగ్లిషులో స్త్రీ రాసినట్టు మనకు తెలిసిన మొదటి పుస్తకం ఆమెదే. అందులో దేవుడు తండ్రి, తల్లి కూడా. ఆ తల్లితనాన్ని భక్తురాలి మురిపెంగా చదివి పక్కన పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. దేవుడి కోపం గురించి తన కాలం నమ్మినదానికి ఆమె ఇరవై ఏళ్లు ఆలోచించి చెప్పిన జవాబు అది.

స్త్రీ గనక తల్లి పోలిక తెచ్చిందని ఎవరైనా అనవచ్చు. చరిత్ర దాన్ని ఒప్పుకోదు. ఆమెకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన ఆన్సెల్మ్, పౌలును ఉద్దేశించి రాసిన ప్రార్థనలో యేసును తల్లిగా సంబోధించాడు. రెక్కల కింద పిల్లల్ని చేర్చుకునే కోడిగా యేసు తనను తాను చెప్పుకున్న మాట మత్తయి సువార్తలో ఉంది. ఆన్సెల్మ్ దాన్నే పట్టుకున్నాడు. పన్నెండో శతాబ్దంలో బెర్నార్డ్, ఏల్రెడ్ వంటి సిస్టర్షియన్ మఠాధిపతులు ఈ పోలికను ఇంకా పెంచారు. చరిత్రకారిణి కరొలిన్ వాకర్ బైనమ్ 1982లో వెలువరించిన పుస్తకంలో చూపినట్టు, పదిమందినీ అదుపులో పెట్టవలసిన ఆ మగవాళ్లు తమ అధికారంలో ఆప్యాయత కలపడానికి తల్లిని తలచుకున్నారు. దీనికి వైద్యం కూడా తోడైంది. తల్లి రక్తమే రొమ్ములో పాలుగా మారుతుందని అప్పటి వైద్యులు నమ్మేవారు. అందుకే సిలువ మీద కారిన రక్తం, పూజలో అందుకునే సత్ప్రసాదం, చంటిబిడ్డ తాగే పాలు ఆనాటి విశ్వాసి మనసులో ఒకే వరుసలోకి వచ్చేవి. ఈ సంగతి తెలియకుండా చదివితే జూలియన్ రాత మనకు వింతగా తోస్తుంది. ఆమెకు పిల్లలు పుట్టి మహమ్మారిలో పోయారేమోనని ఊహించిన పరిశోధకులూ ఉన్నారు. దానికి రుజువు లేదు, ఆ ఊహ అవసరం కూడా లేదు.

అయితే పెద్దల నుంచి అందిన పోలికను ఆమె అందినట్టే ఉంచలేదు. పదమూడో శతాబ్దపు తొలినాళ్లలో ఏకాంతవాసినుల కోసం రాసిన 'ఆంక్రెన్ విస్సే' అనే గ్రంథంలో ఒక ఉపమానం ఉంది. కోపంతో తండ్రి బిడ్డను కొట్టబోతే తల్లి మధ్యలోకి వచ్చి అడ్డం నిలబడుతుంది; యేసు కూడా అలాగే నిలబడ్డాడని ఆ గ్రంథకర్త చెబుతాడు. యేసు ప్రేమను ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టమే. కాని ఈ చిత్రంలో తండ్రి చేతి బెత్తం అలాగే మిగిలిపోయింది. జూలియన్ ఆ బెత్తాన్నే తీసేసింది. దేవుడిలో తనకు కోపం ఎక్కడా కనిపించలేదని, కోపం ఉన్నది మనిషిలోనేనని ఆమె రాసింది. తండ్రితనం, తల్లితనం, ప్రభువుతనం మూడూ ఒకే త్రిత్వానివి గనక, ఆమె పుస్తకంలో తల్లి ఎవరి దెబ్బకూ అడ్డం పడవలసిన పని లేదు.

ఇది ఒక్క రాత్రిలో తేలిన మాట కాదనడానికి ఆమె రాసిన రెండు పాఠాలే సాక్ష్యం. మొదటిది చిన్నది, అందులో దేవుడి తల్లితనం గురించిన బోధ లేదు. ఉన్నది ఆమె కన్నతల్లి: కూతురు పోయిందనుకుని కళ్లు మూయడానికి చెయ్యి చాచిన తల్లి. చాలా ఏళ్ల తర్వాత రాసిన 86 అధ్యాయాల పెద్ద పాఠంలో ఆ కన్నతల్లి కనిపించదు, దేవుడి తల్లితనం మాత్రం అధ్యాయాల కొద్దీ విస్తరిస్తుంది. ఈ రెంటికీ నడుమ ఆమెను తొలిచిన ప్రశ్న ఒకటుంది. పాపం చేసినవాడు శిక్షార్హుడని సంఘం బోధిస్తోంది, ఆ బోధను ఆమె కాదనలేదు. మరి దర్శనంలో దేవుడు ఎవరినీ నిందించడేం? దీనికి దొరికిన సమాధానం యజమాని, సేవకుల కథ. యజమాని మీది ప్రేమతో పనికి పరుగెత్తిన సేవకుడు గోతిలో పడతాడు, దెబ్బల బాధలో యజమాని ముఖం చూడలేకపోతాడు. యజమాని మాత్రం జాలితో అతన్నే చూస్తుంటాడు. ఆ కథ భావం పూర్తిగా తెలియడానికి ఇరవై ఏళ్లకు మూడు నెలలు తక్కువ పట్టిందని ఆమే చెప్పింది.

ఇలాంటి దేవుడు పాపాన్ని తేలిక చేస్తాడు కదా అనేది రెండో అభ్యంతరం, బరువైనదీ ఇదే. జూలియన్ తల్లి గారాబం చేసే తల్లి కాదు. బిడ్డ ఎదిగేకొద్దీ ఆమె తీరు మారుతుంది, తప్పులు మానిపించడానికి దండన కూడా ఉంటుంది, మారనిది ప్రేమ. ఒక్కోసారి బిడ్డను పడనిస్తుంది కూడా. దండన ఉంది గాని దాని వెనక పగ లేదు. బ్రింటన్ వంటివారి బోధకూ ఆమె బోధకూ తేడా అక్కడే. మరి 1361లో పోయిన పిల్లల మాటేమిటి? లోకంలోని తల్లి బిడ్డను కాపాడుకోలేకపోవచ్చు, పరలోకపు తల్లి మాత్రం తన బిడ్డలు నశించిపోనివ్వదని ఆమె అంటుంది. ఆ చావులు ఎందుకు జరిగాయన్నదానికి ఇది జవాబు కాదు. కాని పిల్లల్ని పోగొట్టుకున్నవారితో 'మీ పాపమే దీనికి కారణం' అనే మాటకు ఆమె వేదాంతంలో చోటు మిగల్లేదు. ఆ ఒక్క పని చాలా పెద్దదని నేను నమ్ముతాను.

ఊళ్లోవాళ్లు ఆమె మాట విన్నారు. 1394 నుంచి 1416 దాకా వీలునామాల్లో ఆమె పేరిట డబ్బు రాసినవాళ్లున్నారు. 1413 ప్రాంతంలో మార్జరీ కెంప్ అనే భక్తురాలు సలహా కోసం లిన్ నుంచి వచ్చింది. పుస్తకానికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. ఫ్రాన్సులో ప్రవాసంలో ఉన్న ఇంగ్లిష్ సన్యాసినులు దాన్ని కాపాడగా, 1670లో సెరెనస్ క్రెసీ అనే సన్యాసి తొలిసారి అచ్చు వేయించాడు. ఎక్కువమంది చేతికి చేరింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1978 సెప్టెంబరులో పోప్ మొదటి జాన్ పాల్ దేవుడు తండ్రి, అంతకు మించి తల్లి అన్నప్పుడు ఆయన ఆధారం యెషయా గ్రంథం. అంటే తల్లి పోలిక కోసం ఎవరూ జూలియన్ దాకా రావలసిన పని లేదు, అది మొదటి నుంచీ లేఖనాల్లోనే ఉంది. ఆమె సొంతంగా చేర్చింది కోపం లేని దేవుణ్ణి. తల్లి పోలికను ఇష్టంగా అంగీకరించే బోధకుల్లో కూడా చాలామంది ఈ రెండో మాట దగ్గర ఇప్పటికీ ఆగిపోతున్నారు.