ఫిరంగి గురి: పుట్టుపూర్వోత్తరములు

1904 ఏప్రిల్ 15వ తేదీని, రష్యా జపానుల నడుమ యుద్ధము మొదలై రెండు మాసములు గడచిన పిమ్మట, 'నిష్షిన్', 'కసుగా' అను రెండు జపాను యుద్ధనౌకలు పోర్ట్ ఆర్థర్ రేవులోనివారి కంట బడకుండ దూరమున నిలిచి, నడుమనున్న కొండల మీదుగా రేవులోనికి గుండ్లు విసరసాగినవి. ఆ గుండ్లు ఎచ్చట పడుచున్నవో కొట్టుచున్న గోలందాజులకు తెలియదు; రేవు కనబడు చోట నిలిచిన జపాను ఓడలు చూచి, ఇంత కుడికి, ఇంత ముందుకు అని రేడియో మూలమున దిద్దుబాట్లు పంపుచుండెను. రేవులోని 'పొబెదా' యుద్ధనౌకయందును, ఒడ్డున బంగారుకొండ అను పేరుగల గుట్టపైనను కూర్చున్న రష్యను రేడియోవారు ఈ సంకేతములను విని, తమ యంత్రముల మీటలను అదిమి పట్టి, పెద్ద నిప్పురవ్వలు పుట్టించి, ఆకాశమెల్ల అర్థము లేని రొదతో నింపివేసిరి. ఆ దినమున అరువదికి మించి పెద్ద గుండ్లు పడెను. ఒక్కటియు ఓడకు తగులలేదు. ఇప్పటికిని రష్యా సైన్యము ఏప్రిల్ 15ను తన ఎలక్ట్రానిక్ యుద్ధతంత్ర నిపుణుల దినముగా జరుపుకొనుచున్నది. రొద లేకున్నను అంత దూరమునుండి కొట్టిన గుండ్లలో పెక్కు తప్పియే యుండును గాని, సేనలు తమ పండుగలకు కారణములను ఉదారముగా ఎన్నుకొనుట లోకసహజము.

నాకు ఆ దినమున గణనీయముగా తోచునది వేరొకటి. కనబడని శత్రువును ఫిరంగితో కొట్టు విద్యయు, ఆ గురిని చెరచుటకు శత్రువు వార్తను అడ్డగించు విద్యయు ఒకే యుద్ధమున, ఒకే రేవునొద్ద, ఇంచుమించు కవలలవలె లోకమునకు తెలియవచ్చినవి. నేడు ఉక్రెయిను మైదానములలో మనము చూచుచున్నది ఆ కవలల జగడమే.

అంతకు పూర్వము ఫిరంగి బ్రతుకు వేరు. నెపోలియను నాటి గోలందాజు తాను కొట్టబోవు శత్రువును కన్నులార చూచి కొట్టినవాడు. శత్రువు కూడ వానిని అట్లే చూచుచుండెను. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున తుపాకులు దూరమునకు సూటిగా కొట్టజొచ్చిన పిదప, ఫిరంగి చక్రముల చెంత నిటారుగా నిలిచిన మనుష్యుడు చక్రములు తిరుగకమునుపే నేల గూలు దినములు వచ్చినవి. 1882లో రష్యను సేనయందలి గూక్ అను అధికారి, ఫిరంగిని గుట్టచాటున నిలిపి, ఏ చర్చి శిఖరమునో ఒంటిచెట్టునో ఆధారముగా గొని, కోణములు లెక్కించి, అగపడని లక్ష్యమును కొట్టు పద్ధతిని గ్రంథస్థము చేసెను. పుస్తకము వెలువడినను సేనలు వెంటనే మారలేదు. చాటునుండి కొట్టుట పిరికితనమని తలచిన సేనానులు యూరపున కొదువలేరు. తుదకు పోర్ట్ ఆర్థర్ యొద్దనే, 1904 డిసెంబరు 5న జపానువారు వేలకొలది ప్రాణములు ధారపోసి '203 మీటర్ల కొండ'ను పట్టుకొని, దాని శిఖరమున ఒక పరిశీలకుని కూర్చుండబెట్టి, టెలిఫోను తీగను క్రిందికి దించి, కొండకు ఆవలనున్న 28 సెంటీమీటర్ల హొవిట్జర్లకు గురి చెప్పించిరి. కొలది దినములలో రష్యను నౌకాదళము రేవునందే మునిగిపోయెను.

ఇట్లు ఫిరంగి పని మూడు చోట్లకు పంపకమైనది: చూచువాడొకచోట, లెక్కించువాడొకచోట, కొట్టువాడొకచోట. ఆ మువ్వురను కలుపునది వార్త. ఆనాటి నుండి నేటి వరకు గుండు వేగము పెరిగినది స్వల్పము. ఊహింపరానంతగా పెరిగినది వార్త వేగము. కావుననే, తెలివిగల శత్రువు ఫిరంగిని వెదకుటకు ముందు ఆ వార్తను వెదకును.

ఇక శత్రువు ఫిరంగి ఎచ్చటనున్నదో తెలియుట ఎట్లు? ఈ ప్రశ్నకు మొదటి ప్రపంచసంగ్రామమున దొరికిన సమాధానము విజ్ఞానశాస్త్ర చరిత్రయందలి వింత ఘట్టములలో నొకటి. లారెన్స్ బ్రాగ్ అను బ్రిటిషు యువకుడు 25 ఏండ్ల ప్రాయమున, 1915లో, తండ్రితో కలసి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను; ఆ యేడే గల్లిపోలి యుద్ధమున తమ్ముని కోల్పోయెను. ధ్వనినిబట్టి శత్రువు ఫిరంగిని కనిపెట్టు పని వానికి అప్పగింపబడెను. ఉపాయము సులువే: ఆరు మైక్రోఫోనులను వరుసగా దూరదూరముగా నిలిపిన, ఒకే ప్రేలుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్షణమున చేరును, ఆ కాలభేదములనుండి పటముపై రేఖలు గీచినచో, అవి కలియు చోట ఫిరంగి యుండవలెను. చిక్కు మైక్రోఫోనులతోనే వచ్చినది. తుపాకీ చప్పుడు, కుక్కల అరపు, గుండు గాలిని చీల్చుకొని పోవు చురుకైన ప్రేలుడు, ఇవన్నియు వానికి బాగుగా వినబడెడివి. ఫిరంగి నోటినుండి వెలువడు గంభీరమైన మంద్రనాదము మాత్రము వినబడెడిది కాదు.

బ్రాగ్ బస చేసిన పల్లెటూరి ఇంటిలో మరుగుదొడ్డి గది అన్ని వైపుల మూసియుండెడిది. గాలి చొరుటకు ఆసనము క్రింది గొట్టమొక్కటే దారి. సమీపమున బ్రిటిషు ఆరంగుళముల ఫిరంగి ప్రేలినప్పుడెల్ల, చెవికి పెద్దగా వినబడకున్నను, కూర్చున్నవాడు ఆసనమునుండి ఒకింత పైకి లేచుచుండుటను నోబెల్ విజేత గమనించెను. వాని దళమునందలి కార్పొరల్ టక్కర్, పడక చెంత గోడకున్న కన్నములగుండా ఫిరంగి ప్రేలినపుడెల్ల చల్లని గాలి తన మొగమునకు తగులుచుండుటను కనిపెట్టెను. సన్నని తీగను విద్యుత్తుతో కాచి, మందుగుండు పెట్టెకు బెజ్జము పెట్టి దానిపై బిగించిరి. ఫిరంగి ఊపిరి తగిలి తీగ చల్లారును. చల్లారగనే విద్యుత్ప్రవాహము మారును. ఆ మార్పు కదలుచున్న ఫిల్ముపై గీతగా పడును. కుక్క ఎంత మొరిగినను ఆ తీగ చలింపదు. 1916 నాటి ఈ వేడితీగ మైక్రోఫోను ఒక్కటి ఎన్ని పటాలములకు సాటి యనదగునో!

ఫలము త్వరలోనే తెలిసినది. 1917 నవంబరు 20న కాంబ్రే యొద్ద ఇంచుమించు వేయి బ్రిటిషు ఫిరంగులు, ముందుగా గురి సరిచూచుకొను గుండొక్కటియైనను కొట్టకయే, లెక్కలనే నమ్ముకొని ఒక్కసారిగా ప్రేలినవి. 1918 ఆగస్టు 8న ఆమియెన్ యుద్ధమునాటికి 530 జర్మను ఫిరంగులలో 504 ఎచ్చటనున్నవో బ్రిటిషువారి పటములపై ముందే గుర్తింపబడియుండెను.

శబ్దమునుబట్టి కొట్టు విద్య మనకు కథలలో క్రొత్త కాదు. దశరథుడు కుండలో నీరు నిండు బుడబుడను ఏనుగు నీరు త్రాగు చప్పుడనుకొని బాణము విడిచెను. విద్యకు లోపము లేదు, బాణము సూటిగానే తగిలెను. ఉక్రెయినులో నేడు రంపపుపొట్టు వాసన పోని కొయ్య హొవిట్జర్లను పొలములలో నిలిపి, శత్రువు విలువైన రాకెట్లను వానిపై ఖర్చు చేయించుచున్నారు. అయోధ్యాపతికి జరిగిన పొరపాటును ఎదుటివానిచేత కావలెనని చేయించుటయే ఇందలి కిటుకు.

రెండవ ప్రపంచసంగ్రామపు ముచ్చటను క్లుప్తముగా ముగింతును. అమెరికావారు అనేక దళముల ఫిరంగుల గురిని ఒక్క కేంద్రమున లెక్కించి, రేడియో మూలమున అన్నిటిని ఒకే లక్ష్యముపై మరల్చు పద్ధతిని పండించుకొనిరి. గుండు దారిని గుణించు పట్టికల కొరకే 'ఎనియాక్' అను బృహద్గణకమును నిర్మింపబూనిరి గాని, అది 1946లో లోకమునకు ప్రదర్శింపబడునాటికి యుద్ధము ముగిసెను. మనిషి మీటల యంత్రముతో ఇంచుమించు 20 గంటలు శ్రమించి గుణించు ఒక్క పథమును అది అర నిమిషములో తేల్చెను. పిదప రాడార్ వచ్చినది. పైకెగసిన గుండును ఆకాశమున రెండు మూడు చోట్ల చూచి, దాని వక్రమార్గమును వెనుకకు పొడిగించి, పుట్టిన చోటును చెప్పుట దాని పని. ఒకటి రెండు గుండ్లు కొట్టి అచ్చటనే నిలిచిన ఫిరంగికి ఇక ఆయుర్దాయము కొన్ని నిమిషములే.

ఈ రాడార్ లేమి ఎంతటిదో భారతసైన్యమునకు 1999లో కార్గిల్ కొండలలో తెలిసినది. పాకిస్తాను యొద్ద అమెరికను రాడార్లు ఉండగా, మన బోఫోర్స్ గోలందాజులు 155 మిల్లీమీటర్ల గుండ్లతో శిఖరములను పగులగొట్టుచునే, ఎదుటి ఫిరంగి ఎచ్చటనుండి ప్రేలుచున్నదో వెదకుటకు కొండనెక్కిన పరిశీలకుల కన్నులపై ఆధారపడవలసి వచ్చెను. ఆ తరువాతనే అమెరికా నుండి కొన్నిటిని కొనిరి. బెంగళూరు శాస్త్రవేత్తలు రూపొందించిన 'స్వాతి' రాడార్ 2017లో సైన్యమునకు అందినది. కవలలలో రెండవదానికి మాత్రము మన దేశమున హైదరాబాదే పుట్టినిల్లు: చాంద్రాయణగుట్టయందలి డి.ఎల్.ఆర్.ఎల్. ప్రయోగశాల 1960ల తొలినాళ్ల నుండి శత్రువు రేడియోను వినుటకును, దానిని ముంచివేయుటకును సాధనములు కల్పించుచున్నది. 'సంయుక్త' అను అట్టి సాధనసముదాయము అక్కడి కృషి ఫలమే. 2023లో అట్టి సాధనముల కొరకే 'హిమశక్తి' ఒప్పందము సుమారు 3,000 కోట్ల రూపాయలకు హైదరాబాదు బి.ఇ.ఎల్. కర్మాగారముతో జరిగినది. ఆ గుట్ట క్రింది రోడ్డున బస్సు కొరకు నిలుచువారిలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

ఉక్రెయినులో రెండు విద్యలును పరాకాష్ఠకు చేరినవి. 2014 జూలై 11 వేకువను, సరిహద్దు చెంత జెలెనోపిల్యా యొద్ద గుమిగూడియున్న ఉక్రెయిను దళములపై రష్యా వైపునుండి రాకెట్లు కురిసి, ముప్పదిమందికి పైగా మరణించిరి. ఆ కాలమునకే యారోస్లావ్ షెర్స్త్యుక్ అను ఫిరంగి అధికారి, కాగితముపై నిమిషములు పట్టు డి-30 హొవిట్జర్ లెక్కను కొలది క్షణములలో చేయు మొబైలు ఆప్‌ను వ్రాసియుండెను. పిదప వచ్చిన 'జిస్ అర్తా' అను ఏర్పాటులో డ్రోను చూచిన లక్ష్యము పటముపై పడును. సమీపమున ఖాళీగా నున్న ఫిరంగి దానిని అందుకొనును. ఇరువది నిమిషముల పని ఒక్క నిమిషమునకు దిగినదని దాని కర్తలు చెప్పుదురు.

దీనికి రష్యా జవాబు రొదయే. ఇరువది వేల కిలోమీటర్ల ఎత్తుననున్న ఉపగ్రహముల నుండి వచ్చు జి.పి.ఎస్. సంకేతము నేల చేరుసరికి మిక్కిలి క్షీణించును. దానిని ముంచుటకు సమీపమున చిన్న ప్రసారిణి చాలును. 2023 ఆరంభమున ఆ సంకేతమును బట్టి గురి దిద్దుకొనుచు సగమునకు మించి లక్ష్యమును తాకుచుండిన ఎక్స్‌కాలిబర్ గుండ్లు, ఒక్కొక్కటి ఇంచుమించు లక్ష డాలర్ల వెలగలవి, ఆ వేసవి చివరకు నూటికి పదియైనను తాకుట లేదని ఉక్రెయిను సైన్యపు మదింపులే పలికినవి. ఆకాశపు మాట విననక్కరలేని పాత మొద్దు గుండును చెరచు రొద మాత్రము ఇంతవరకు పుట్టలేదు. డ్రోనుల గతియు అట్లే: ఆ ఏట లండను పరిశీలకులు ఉక్రెయిను నెలకు ఇంచుమించు పది వేల డ్రోనులను పోగొట్టుకొనుచున్నదని అంచనా వేసిరి. 2024 నుండి సన్నని గాజుతీగను చుట్టనుండి వదలుచు పది, పదునైదు కిలోమీటర్లు ఎగురు డ్రోనులు బయలుదేరినవి. తీగలోని మాటను ఏ రొదయు చెరచజాలదు. చెట్లకొమ్మలు మాత్రము అప్పుడప్పుడు తెంపును.

రేడియో పలికినచో చావు, పలుకకున్న గురి లేదు. 2022 సంవత్సరాంతపు రాత్రి తూర్పు ఉక్రెయినులోని మాకియివ్కాయందు ఒక పాఠశాలలో కిక్కిరిసియున్న రష్యను సైనికులపై రాకెట్లు పడి, ఆ దేశము ఒప్పుకొన్నంతవరకే 89 మంది హతులైరి. సైనికులు మొబైలు ఫోనులు వాడుటయే కారణమని వారి రక్షణశాఖ చెప్పెను. తామిచ్చిన ఇరుకు బసను గూర్చి ఆ శాఖ మాటాడకుండుట గమనింపదగినది. ఇప్పుడు ఫిరంగులు దళములుగా గాక ఒంటరిగా చెట్ల గుబురులలో దాగుచున్నవి. డ్రోను నడుపువాడు నేలమాళిగలో కూర్చుండి తన ఆంటెనాను దూరమున నాటుచున్నాడు. పదిమంది గుంపుగా కదలిన నిమిషములలో గుండు వచ్చునని ఎరిగి, మువ్వురు నలుగురే మోటారుసైకిళ్లపై దూకుచున్నారు. గురి ఇంత చురుకైన పిమ్మట సేనలు నత్తనడక నడచుచున్నవి.

ఐనను ఈ త్వరయంతయు ఇనుముపై ఆధారపడినదే. 2023-24 చలికాలమున అమెరికా సహాయము నెలల తరబడి నిలిచినపుడు, నిమిషములో లక్ష్యము తెలిసియు గుండ్లు లేక ఉక్రెయిను గోలందాజులు ఊరకుండవలసి వచ్చెను. యుద్ధమునకు ముందు నెలకు పదునాలుగు వేల 155 మిల్లీమీటర్ల గుండ్లు మాత్రమే చేయుచుండిన అమెరికా, లక్ష చేయవలెనని సంకల్పించి, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ పట్టణపు పాత కొలిమిశాలలో క్రొత్త యంత్రములు నిలుపసాగినది.