వస పోసినా రాని మాట

గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో గానుగాట నడిచే రోజులు. తెల్లారకముందే మీ ఇంటి ముందు చెరకు ట్రాక్టర్లు కాటా కోసం బారులు తీరాయి. మడ్డి వాసన వీధంతా కమ్ముకుంది. ఈ ఊళ్లో పెరిగినవాళ్లకి ఆ వాసన తెలియనే తెలియదు. మీ నాలుగేళ్ల కొడుకు మాత్రం దుప్పట్లోకి ముఖం దాచుకుంటాడు. ట్రాక్టరు హారన్ కొట్టిందా, రెండు అరచేతులతో చెవులు అదిమిపట్టి మంచం కింద దూరతాడు.

మీరు వాడి తల్లి. పేరు పెట్టి పిలుస్తారు. తల తిప్పడు. ఇంకోసారి పిలిచినా అంతే. చెవుడేమో అనుకుందామంటే, వెనక గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పరిగెత్తుకొస్తాడు. దాహమేస్తే నీళ్లు అడగడు, బిందె వైపు వేలు చూపించడు. మీ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, మీ చేతిని తీసి బిందె మీద పెడతాడు. మీ ముఖంలోకి మాత్రం చూడడు.

అరుగు మీంచి అత్తగారి గొంతు: "గుంటడికి మాటలు రానేదని అంత బెంగెందుకే? ఆళ్ల నాన్నకీ నాలుగేళ్లు నిండాకే వొచ్చాయి." ఆవిడ చెయ్యాల్సిందంతా చేశారు. వస కొమ్ము అరగదీసి నాకించారు. అనకాపల్లి నూకాలమ్మకి మొక్కుకున్నారు. పక్కింటావిడ సెల్‌ఫోన్ వల్లే అంది. ఇంకొకావిడ, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టించుకోలేదా అనడిగింది. ఎటు తిరిగినా నేరం తల్లి మీదికే వస్తుంది.

దీన్ని పల్లెటూరి అమాయకత్వమని పట్నం వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. అమెరికాలో పేరుమోసిన నిపుణులే ఒకప్పుడు తల్లి ప్రేమ చాలకే పిల్లలకి ఇలా ఆటిజం వస్తుందన్నారు. 1964లో పుస్తకం రాసి ఆ మాటను ఎదిరించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రి కూడా. మెదడు ఎదిగే తీరులో తేడా వల్ల ఆటిజం వస్తుంది. పెంపకం వల్ల రాదు, టీకాల వల్లా రాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి నేర్పే భవిత కేంద్రంలో చూపిద్దామని చోడవరం వెళ్లే షేర్ ఆటో ఎక్కారు. పిల్లాడు ఒళ్లో ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఎదురుగా లారీ రాగానే కేక పెట్టాడు. "ఏటమ్మా, గుంటణ్ని కాస్త అదుపులో ఎట్టుకోలేవా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. మీరు జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

భవిత కేంద్రం అంటే పెద్ద ఆసుపత్రిలా ఊహించుకున్నారు. తీరా చూస్తే బడి ఆవరణలో ఓ గది. చాప, పూసల దండలు, రంగు దిమ్మెలు, గోడకి బొమ్మల చార్టు. టీచరు కుర్చీలో కూర్చోలేదు, చాప మీదికి దిగింది. వినికిడి పరీక్ష అయిందా అని ముందు అడిగింది. తర్వాత, "ఇంట్లో ఏం చేస్తాడో చెప్పండమ్మా, ఏం చెయ్యడో తర్వాత చూద్దాం" అంది. మీరు బిందె సంగతి చెప్పారు. ఆవిడ ముఖం వెలిగింది. "అంటే అడుగుతున్నాడన్నమాట!"

నీళ్ల సీసా మూత గట్టిగా బిగించి వాడికి కనపడేలా పెట్టింది. వాడు ఆవిడ చెయ్యి లాగాడు. ఆవిడ గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్కని వాడి వేళ్ల మధ్య పెట్టి, ఆ అట్ట తన అరచేతిలో పడేలా చేసి, "నీళ్లు" అంటూ వెంటనే ఓ గుక్క పట్టించింది. మళ్లీ అదే. మళ్లీ అదే. చాలాసేపటికి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే, వాడు అట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మీకు తెలియకుండానే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

బొమ్మలు అలవాటైతే ఇక మాటే రాదేమోనని మీ భయం. అలా జరగదు. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లాడికి అడగాలనిపిస్తుంది. చొక్కా తొడగడమూ ఇలాగే నేర్పాలట. అంతా మీరు తొడిగి, చివర కిందికి లాగడం ఒక్కటే వాడికి వదలాలి. అది వచ్చాక దాని ముందు మెట్టు.

ఈ గదిని పొగుడుతూ కూర్చోవడం తేలికే. కానీ రకరకాల వైకల్యాలున్న పిల్లలందరినీ ఇక్కడి టీచర్లే చూసుకోవాలి. స్పీచ్ థెరపీకి విశాఖ వెళ్లాలంటే ఓ రోజు కూలి పోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు నేర్చుకోవడం ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కుటుంబాలకే ఈ నైపుణ్యాలు నేర్పే శిక్షణ తయారుచేసింది. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చెయ్యబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

కాగితాల పని విసుగే, అయినా వదలకూడదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఉంది. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షలో 40 శాతానికి తగ్గకుండా వస్తే పింఛనుకు అర్హత ఉంటుంది. 2024లో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలైంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వైద్యానికి ఆదుకుంటుంది, థెరపీ ఖర్చులూ అందులో ఉన్నాయి.

రాత్రి మీ ఆయన అన్నం ముందు కూర్చుని అడిగాడు: "మనం పోయాక ఈడికెవరు?" దానికీ 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో దారి ఉంది. బిడ్డకి 18 ఏళ్లు నిండాక చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమించే స్థానిక కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. 2022లో జిల్లా మారడంతో గోవాడవాళ్లకి ఆ కలెక్టరాఫీసు దగ్గరగా, అనకాపల్లికే వచ్చింది.

మీ ఇంట్లోగానీ వీధిలోగానీ ఏడాదిన్నర దాటినా పేరు పిలిస్తే తిరగని, వేలితో చూపించి అడగని బిడ్డ ఉంటే నాలుగేళ్ల దాకా ఆగకండి. ఆశా కార్యకర్తకి చెప్పండి, పీహెచ్‌సీ డాక్టరుకి చూపించండి. సర్టిఫికెట్ రావడానికి నెలలు పట్టవచ్చు. నేర్పడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.