బాల్టిక్ తీరం మరిచిపోనిది

1949 మార్చిలో ఎస్తోనియా నుంచి సైబీరియాకు తరలించిన వాళ్లలో ఆరు నెలల పసిపాప ఒకరు. వెంట తల్లి, అమ్మమ్మ. ఆ కొద్ది రోజుల్లోనే మూడు బాల్టిక్ దేశాల నుంచి సోవియట్ ప్రభుత్వం 90 వేల మందికి పైగా జనాన్ని రైళ్లెక్కించింది. ఎక్కువమంది ఆడవాళ్లూ, పిల్లలే. ఆ పాప కూతురే కాయా కల్లాస్. 2024 డిసెంబరు 1న ఆమె యూరోపియన్ యూనియన్ విదేశాంగ వ్యవహారాల పగ్గాలు చేపట్టారు. ఎస్తోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. యూనియన్ జనాభా 45 కోట్లు.

యూనియన్‌లో బాల్టిక్ దేశాల మాటకు ఈ చెల్లుబాటు అంత తేలిగ్గా రాలేదు. 2003లో ఇరాక్ విషయంలో అమెరికాను సమర్థించినందుకు, చేరబోతున్న ఈ కొత్త దేశాలను ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ బాహాటంగా మందలించాడు. ఇరాక్ గురించి వాళ్ల అంచనా తప్పే. కానీ నోరు మూసుకుని ఉండాల్సిందనడం అంతకన్నా పెద్ద తప్పు.

2004 మే 1న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా యూనియన్‌లో చేరాయి. విదేశాంగ నిర్ణయాలకు అక్కడ దాదాపు ప్రతిసారీ ఏకగ్రీవం కావాలి. ఒక్కరు కాదన్నా ఫైలు కదలదు. 2008 వసంతంలో లిథువేనియా సరిగ్గా అదే చేసింది. రష్యాతో కొత్త భాగస్వామ్య ఒప్పందంపై చర్చలు మొదలుపెట్టాలని మిగతా సభ్యులంతా తొందరపడుతుంటే అడ్డం తిరిగింది. తన మజెయ్‌కియాయ్ రిఫైనరీకి 2006లో రష్యా పైపులైను నుంచి ఆగిపోయిన చమురు సంగతేమిటని అడిగింది. జార్జియా, మాల్డోవాల్లో తెగని వివాదాల మాట కూడా ఎత్తింది. పెద్ద రాజధానులు విసుక్కున్నాయి. మే చివరికి కొన్ని హామీలు పుచ్చుకుని లిథువేనియా పక్కకు జరిగింది. ఆగస్టులో రష్యా ట్యాంకులు జార్జియాలోకి దిగాయి.

అప్పుడైనా బెర్లిన్, పారిస్ విని ఉంటే బాగుండేది. జార్జియా యుద్ధంతో ఆగిన రష్యా చర్చలు మూడు నెలల్లోనే మళ్లీ పట్టాలెక్కాయి.

తమ హెచ్చరిక సరైనదేనని బాల్టిక్ దేశాలు అనిపించుకోవడానికి 14 ఏళ్లు పట్టింది. ఉక్రెయిన్ యుద్ధం ఏడో నెలలో, 2022 సెప్టెంబరులో, పోలండ్, బాల్టిక్ దేశాల మాట విని ఉండాల్సిందని యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ యూరోపియన్ పార్లమెంటులోనే ఒప్పుకున్నారు. 2023 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ కోసం అందరం కలిసి ఫిరంగి గుండ్లు కొందామని ప్రతిపాదించింది అప్పటి ఎస్తోనియా ప్రధాని కల్లాసే. మార్చిలో యూనియన్ ఏడాదిలో 10 లక్షల గుండ్లిస్తామని మాటిచ్చింది. గడువు నాటికి వెళ్లినవి సగం పైచిలుకు మాత్రమే.