సవరభాష – దాని వ్యాకరణము, దాని యెల్లలు

శబరుల పేరు వైదికవాఙ్మయమున మిక్కిలి ప్రాచీనము. ఐతరేయబ్రాహ్మణమునందలి శునశ్శేపోపాఖ్యానమున, తండ్రి మాటను మన్నింపని విశ్వామిత్రుని పెద్దకొడుకు లేఁబదిమందియు శాపగ్రస్తులై యెల్లల కవలి జనులైరని చెప్పుచు, ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు నని వారిని బేర్కొనిరి. ఆంధ్రులును శబరులు నొక్క వాక్యమున సోదరులుగాఁ గూర్చుండిరన్నమాట. ఆంధ్రజాతి ప్రాచీనతకుఁ దార్కాణముగ నా వాక్యము నెన్నియో మాఱు లుదాహరించిరి; రెండు పదముల కవతలనున్న సోదరుని నుడి యెట్టిదో విచారించినవారు మాత్ర మరుదు. నేఁటి సవరలే నాఁటి శబరులని నామసామ్యమును మాత్రమే నమ్మి నిర్ధారింపఁదగదు. సంస్కృతకవు లడవులఁ దిరుగు జనుల కెల్లరకు నా శబ్దమును వాడియున్నారు. అయినను విచారమునకు నామసామ్యమే చాలును.

సవరలు తమ్ము ‘సొర’లని చెప్పుకొందురు. మహేంద్రగిరినుండి గుణుపురము వఱకుఁ గల కొండలు వారి నెలవు. ఆంధ్రప్రదేశమున శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాలందును, ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాలందును వీరు విశేషముగ నున్నారు. 2011 జనాభాలెక్కలలో సవర మాతృభాషగాఁ జెప్పినవారు 4 లక్షలకుఁ బైఁబడిరి. పొరుగుననున్న కువి, కొండ మున్నగు భాషలు తెలుఁగునకు జ్ఞాతులు; సవర యట్లు గాదు. అది ముండాకుటుంబపు దక్షిణశాఖకుఁ జెందినది. గదబలు పలుకు గుతోబు, బొండలు పలుకు రెమొ, పరెంగీల గొరుము దీనికి దగ్గఱచుట్టములు. ఛోటానాగపురమునందలి ముండారీ, సంతాలీలు కొంత దూరపువి. నీటిని సవరలు కంఠమున నొక్కిపట్టి ‘దా’ యందురు, ముండారీయందు నట్లే, సంతాలీలో ‘దాక్’, సముద్రము దాఁటి నికోబారుద్వీపములలోను ‘దాక్’. పులి ముండారీలో ‘కులా’, ఖాసీలో ‘ఖ్లా’, కాంభోజదేశపు ఖ్మేరుభాషలోను ‘ఖ్లా’యే. ఇట్టి పోలికల నాధారము చేసికొని 1906లో విల్‌హెల్ము ష్మిట్టు పండితుఁడు ముండాభాషలను హిందూచీనా భాషలతోఁ గలిపి ఆస్ట్రో-ఆసియాటిక్ అను కుటుంబమును బ్రతిపాదించెను. కొండ దిగి సంతకు వచ్చు సవర నోట నంత దూరపు చుట్టఱికము వినవచ్చుచున్నది.

ఈ భాషకు వ్యాకరణము వ్రాసినవాఁడు తెలుఁగువాఁడు. గిడుగు వేంకటరామమూర్తి 1863లో శ్రీముఖలింగమునకు సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించి, 1880లోఁ బర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడుగఁ జేరెను. పందొమ్మిదవ శతాబ్దపుఁ దుదిదశకమునఁ దెలుఁగు తెలిసిన సవర నొకని నింటఁ బెట్టుకొని యతని నోటినుండి యా నుడిని నేర్వ మొదలిడెను. మన్యమునఁ దిరుగుటచే జ్వరము పట్టినదనియు, దానికై సేవించిన క్వినైనుచేఁ జెవుడు వచ్చినదనియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. ధ్వనులనే నమ్ముకొన్నవానికి శ్రవణేంద్రియమే చెడెను. పని మాత్రము చెడలేదు. తెలుఁగులిపిలో సవరవాచకములను గూర్చెను; పాటలను, కథలను సేకరించెను; బడులు పెట్టించెను. దొరతనమువారు పారితోషికమీయఁబూనఁగా, తా నందుకొనక సవరబాలుర బడికి వినియోగింపుఁడని కోరెను. 1931లో సవరవ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి.

వ్యావహారికవాదిగ నీయనను మెచ్చువారును దిట్టువారును గలరు. ఆ కలహపుఁ జప్పుడులో సవరవ్యాకరణము మఱుగుపడినది. సవరాభ్యాస మా వాదమునకుఁ బదియేండ్లకుఁ బైగా ముందటిదని గమనింపవలెను. అక్షరము లేని నుడిని జెవితో విని సూత్రములు దీసినవానికి, నుడి ముందు వ్రాఁత తరువాత నని తోఁచుట సహజమే కదా.

పాణినీయాభ్యాసము గలవారికి సవరవ్యాకరణము గొప్ప వేడుక. పాణినీయమున సుబంతము సుబంతముతో సమసించును. తిఙంతములు కూడిన ‘అశ్నీతపిబతా’ వంటివి మయూరవ్యంసకాదిగణమునఁ దలదాఁచుకొన్న విరళశబ్దములు. సవరలో నామము పొట్టిరూపముఁ దాల్చి క్రియాపదము నడుమనే చొచ్చును. పులి విడిగా నున్నపుడు ‘కినా’; సమాసమున ‘కిద్’. ‘ఞమ్‌కిత్తమ్’ అను నొక్క పదమునకుఁ ‘బులి నిన్నుఁ బట్టుకొనును’ అని యర్థము. ఇందు ‘ఞమ్’ ధాతువు, ‘కిద్’ కర్త, నడిమి తకారము భూతేతరకాలమును, తుది ‘అమ్’ నిన్నను కర్మమును దెలుపును. కర్మమును గ్రియలోఁ జేర్చుకొను భాషలు లోకమునఁ బెక్కులు. కర్తను సైతము చేర్చుకొనున వరుదు. ‘కత్తితో నిన్నుఁ గడుపునఁ బొడుచును’ అను నర్థమునంతయు, కరణాధికరణములతోఁ గూడ, సవర లొక్క క్రియాపదముగఁ బలుకఁగలరు. లిపి లేని భాషకు వ్యాకరణ మెక్కడిదని యడుగువా రీ యొక్క ప్రక్రియను సాధించి చూతురుగాక.

ధాతువు నడుమఁ బ్రత్యయము చేరుట సంస్కృతజ్ఞులకు వింత గాదు. రుధాదులకు ‘శ్నమ్’ వచ్చి ‘రుణద్ధి’ యగుట బాలురకుఁ దెలిసినదే. అచట నది యొక గణమునకుఁ బరిమితము, ముండాభాషలలో రాజమార్గము. ముండారీలో ‘దుబ్’ కూర్చుండుట, ‘దునుబ్’ సభ; ‘ఓల్’ వ్రాయుట, ‘ఒనోల్’ వ్రాఁత. సవరయు నీ నకారాగమము నెఱుఁగును. పదాంతస్పర్శములను విడువక నొక్కిపట్టు సవరయుచ్చారణము, ప్రాతిశాఖ్యకారు లభినిధానమని పేరిడినదానిని బోలినది. తెలుఁగువర్ణమాలలో దానికిఁ జిహ్నము లేదు. సంఖ్యలును జూడఁదగినవి. పండ్రెండు ‘మిగెల్’, పదుమూఁడు ‘మిగెల్‌బొయ్’, అనఁగాఁ బండ్రెండు నొకటి, ఇరువదికి మఱల ‘బొకొడి’. ముప్పదిమూఁడనిన నిరువది, పండ్రెండు, ఒకటి. పదులతోనే లెక్క గలదనుకొను పంతుళ్లు దీనిని మననము చేయవలెను.

ఇట్టి భాషను మ్లేచ్ఛభాషయని త్రోసివేయుట శాస్త్రసమ్మతమా? మీమాంసాదర్శనపు మొదటి యధ్యాయము మూఁడవ పాదమున దీనికి సమాధానము గలదు. వేదమునందలి పిక, నేమ, సత, తామరస శబ్దముల కర్థ మార్యులలోఁ బ్రసిద్ధము గానిచో, వ్యుత్పత్తిచేఁ గల్పింపవలెనా, మ్లేచ్ఛులలోఁ బ్రసిద్ధమైనదానిని గైకొనవలెనా యని ప్రశ్న. మ్లేచ్ఛప్రసిద్ధినే కైకొనవలెనని శబరస్వామి నిర్ణయించెను. పక్షులను బట్టుటయందుఁ బెంచుటయందు వారే నిపుణులు గదా యని యుపపత్తిఁ జూపెను. అధికరణము వ్రాసిన భాష్యకారుని పేరే శబరుఁడగుట కేవలము కాకతాళీయమే కావచ్చును. కుమారిలభట్టు మఱియొక యడుగు ముందునకు వైచి, ద్రావిడాదిభాషల మాటలకు లేని వర్ణములు చేర్చి సంస్కృతశబ్దములుగఁ దిప్పు పండితులను బరిహసించెను. ‘సొర’ను ‘శబర’గాఁ దిద్ది తృప్తి నొందువారి కా పరిహాసము నేఁటికిని వర్తించును.

1936 ఏప్రిల్ 1వ తేదీన నొరిస్సారాష్ట్ర మేర్పడెను. అప్పుడు గీచిన గీఁత సవరల కొండలను రెండుగఁ జీల్చినది. పర్లాకిమిడి యొరిస్సాలోఁ జేరుటకు సమ్మతింపక గిడుగువారు రాజమహేంద్రవరమునకుఁ దరలిపోయిరి. 1940 జనవరి 22న మద్రాసులో మరణించిరి. కొండలకుఁ దరలిపోవు వీలు లేదు. ఇట్టి విభజన మన్యత్రయుఁ గలదు. ఉత్తర అమెరికాలోఁ గొలరాడోనది సముద్రమునఁ గలియుచోట కొకొపా యను జాతి యున్నది. మొహావీ, క్వెచాన్, మారికోపా, కిలివా మొదలగు యూమాకుటుంబపు భాషలు వారి నుడికి జ్ఞాతులు. 1848 నాఁటి సంధియు, 1853 నాఁటి భూక్రయమును అమెరికా సంయుక్తరాష్ట్రములకును మెక్సికోకును నడుమ నెల్ల నేర్పఱుపఁగా, నది వారి నేలమీఁదుగాఁ బోయినది. కొందఱు అరిజోనాలో నింగ్లీషునకును, కొందఱు మెక్సికోలో స్పానిషునకును లోఁబడిరి.

సవరల విషయమున వింత యేమనఁగా, ఎల్ల గీచిన యా యేఁటనే, జూను 18న, మంగై గొమాంగొ యను సవర తన జాతికి ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని వెలువరించెను. దాని 24 అక్షరములును 24 దేవతలకు సంకేతములు. లిపినే యక్షరబ్రహ్మమని పూజించు సంప్రదాయము పుట్టినది. 2012లో నది యూనికోడునఁ జేరినది. సంతాలీకి 2003 నాఁటి సవరణచే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున స్థానము లభించినది, సవరకు లభింపలేదు.

ఈ శతాబ్దపు మొదటి దశకమున ఆంధ్రప్రదేశపు బడులలో సవరవాచకములు తెలుఁగులిపిలో వెలసినవి. ఒడిశాలో నొడియాలిపి, క్రైస్తవుల గ్రంథములలో రోమనులిపి, అక్షరబ్రహ్మోపాసకులలో సొరాంగ్ సొంపెంగ్. ఎల్ల కావల మేనమామ వ్రాసిన యుత్తరమును నీవల మేనల్లుఁడు చదువఁజాలఁడు. ఎవరైన బిగ్గఱగాఁ జదివి వినిపించినచోఁ బ్రతిపదమును దెలియును.