సైన్సు పాఠమూ - కదిలే బొమ్మా

బడిలోకి కదిలే బొమ్మ వచ్చినప్పుడల్లా పాతవాటికి ఉద్వాసన చెప్పే జోస్యం కూడా దాని వెంటనే వస్తూ ఉన్నది. బడులలో పుస్తకాలకు కాలం చెల్లిపోతుందనీ, పదేళ్ళలో బడి స్వరూపమే మారిపోతుందనీ 1913లో ఎడిసన్ ప్రకటించాడు. పదేళ్ళు గడిచాయి; వందేళ్ళూ గడిచాయి. పుస్తకాలు పోలేదు. జోస్యమూ పోలేదు. టెలివిజను వచ్చినప్పుడూ, ఉపగ్రహం వచ్చినప్పుడూ, ఈనాడు అరచేతిలో ఇమిడే తెర వచ్చినప్పుడూ అదే మాట వేషం మార్చుకుని వచ్చింది. ఎడిసన్ ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. అతను పరిశోధకుడే కాదు, సినిమా యంత్రాలను అమ్ముకునే వ్యాపారి కూడా. అమ్మేవాడు చెప్పిన మాటను కొనేవాడు పరీక్షించకుండా నమ్మడమే ఆశ్చర్యం.

హైస్కూలు విద్యార్థులకు సైన్సు చెప్పడంలో లఘుచిత్రం చరిత్రను కొంచెం ఓపికతో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఉపాధ్యాయుడికీ, ప్రయోగశాలకూ తోడుగా వచ్చిన చోట ఈ సాధనం గొప్పగా పనిచేసింది. వాటికి బదులుగా వచ్చిన చోట ఆర్భాటమే మిగిలింది. అయితే అది ఎక్కడ తోడుగా వచ్చింది, ఎక్కడ బదులుగా వచ్చింది అన్నది బోధనా శాస్త్రం ఒక్కటే నిర్ణయించిన విషయం కాదు. డబ్బూ, అధికారమూ కూడా నిర్ణయించాయి. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే.

1956 మార్చిలో అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జెరల్డ్ జకారియస్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక ప్రతిపాదన రాశాడు. యుద్ధకాలంలో రాడార్ మీదా, లాస్ అలమోస్ లోనూ పనిచేసినవాడు. హైస్కూలు భౌతికశాస్త్రం కోసం ఒక్కొక్కటి ఇరవై నిమిషాల చొప్పున 90 చిత్రాలు తీయాలని ఆయన మొదటి ఊహ. ఆ ఊహ నుంచే భౌతికశాస్త్ర అధ్యయన సంఘం పుట్టింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 4న సోవియట్ స్పుత్నిక్ ఆకాశానికెక్కింది. అమెరికన్ పాలకవర్గాలకు నిద్ర పట్టలేదు. 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, సైన్సు బోధన పరికరాలకు ధారాళంగా డబ్బు ఇచ్చారు. చట్టం పేరులోనే రక్షణ ముందు, విద్య తరువాత ఉన్నాయి. పిల్లవాడి కుతూహలం కోసం కాక ప్రత్యర్థి క్షిపణి కోసం వచ్చిన డబ్బు అది.

అయినా ఆ డబ్బుతో జరిగిన పనిని తీసిపారవేయరాదు. పనిలోకి దిగిన శాస్త్రజ్ఞులు చిత్రాలు మాత్రమే చాలవని త్వరలోనే గ్రహించారు. పాఠ్యపుస్తకం, చవకగా తయారయ్యే ప్రయోగ పరికరాలు, ఉపాధ్యాయుడికి మార్గదర్శక గ్రంథాలు, వేసవిలో ఉపాధ్యాయులకు శిక్షణ - వీటన్నిటి మధ్యా చిత్రం ఒక భాగం మాత్రమే అయింది. నీటి అలలను గాజు అడుగున్న తొట్టిలో పిల్లలే లేపి చూడాలి. దానికి చిత్రం అక్కరలేదు. తరగతి గదిలో సాధ్యం కానిదానికే చిత్రం. 1960లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూమ్, ఐవీ అనే ఇద్దరు ఆచార్యులు నిర్దేశ చట్రాలను గురించి చేసిన చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. ఒకరికి మరొకరు తలకిందులుగా కనిపిస్తారు. ఎవరు తలకిందులుగా ఉన్నారో చూసేవాడు తేల్చుకోలేడు. కెమెరాను తిరిగే బల్ల మీద పెట్టి, కదలికను చూసేవాడి స్థానాన్ని బట్టి ఎట్లా వర్ణించవలసి వస్తుందో చూపారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో దీన్ని చూపడం ఎంత గొప్ప ఉపాధ్యాయుడికైనా కష్టమే.

అదే దశకంలో మరొక చిన్న పరికరం బడులలోకి వచ్చింది. మూడు నాలుగు నిమిషాల మూకీ చిత్రం. ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్మును మొదలూ చివరా అతికి ఒక డబ్బాలో పెట్టారు. డబ్బాను ప్రొజెక్టరులోకి తోస్తే చాలు, బొమ్మ ఆడుతుంది, అయిపోయాక మళ్ళీ మొదలవుతుంది. ఫిల్ము ఎక్కించే పని లేదు. ఈనాటి చిన్న వీడియోకు ఇది తాత అనవచ్చు. కాని తాతకు ఉన్న ఒక సుగుణం మనవడికి రాలేదు. తాత మాట్లాడడు! దానివల్ల ఉపాధ్యాయుడు మాట్లాడవలసి వచ్చేది, విద్యార్థి మాట్లాడవలసి వచ్చేది, అదీ తమ భాషలో. మధ్యలో ఆపి, తరువాత ఏమవుతుందని అడగవచ్చు. మళ్ళీ చూసి కొలవవచ్చు.

ఈ మూకీ చిత్రాలలో అందరికీ తెలిసినది టకోమా వంతెన చిత్రం. 1940 నవంబరు 7న వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ వేలాడే వంతెన గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. కెన్యన్ కళాశాలలో ఆచార్యుడైన ఫ్రాంక్లిన్ మిల్లర్ ఆనాడు తీసిన దృశ్యాలను కూర్చి తరగతికి పనికివచ్చే చిత్రంగా చేశాడు. లెక్కలేనన్ని తరగతులలో దాన్ని చూపి, ఇది అనునాదానికి ఉదాహరణ అని చెప్పారు. గాలి తాకిడి లయా, వంతెన సహజ లయా కలిశాయని వివరణ. చాలా పాఠ్యపుస్తకాలలోనూ అదే రాశారు. 1991లో బిల్లా, స్కాన్లన్ అనే ఇంజనీర్లు ఒక భౌతికశాస్త్ర పత్రికలో ఈ వివరణ సరికాదని చూపారు. గాలి బయటనుంచి లయ ప్రకారం కొట్టలేదు. వంతెన మెలికే గాలి ప్రవాహాన్ని మార్చి, ఆ గాలి మెలికను ఇంకా పెంచింది. తనను తాను పెంచుకునే కదలిక అది.

ఇందులో మనకున్న పాఠం చిన్నది కాదు. చిత్రం అబద్ధం చెప్పలేదు. వంతెన నిజంగానే కూలింది. దశాబ్దాల తరబడి పిల్లలు కళ్ళారా చూశారు, చూసి పొరపాటు వివరణను ఒప్పుకున్నారు. కళ్ళారా చూడడం వల్ల ఆ వివరణ మీద నమ్మకం మరింత గట్టిపడి కూడా ఉంటుంది. చిత్రం సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు. సాక్షిని ప్రశ్నించడం నేర్పని బడి సైన్సు నేర్పినట్టు కాదు.

ఇక మన దేశానికి వద్దాం. 1961 అక్టోబరులో ఢిల్లీలో ఆకాశవాణి ఆధ్వర్యాన హైస్కూళ్ళకు టెలివిజను పాఠాలు మొదలయ్యాయి. ఫోర్డ్ ఫౌండేషన్ సహాయం చేసింది. భౌతిక, రసాయన శాస్త్రాలకు ఇందులో పెద్ద పీట వేశారు. కారణం దాపరికం లేనిదే. బడులలో ప్రయోగశాలలు చాలవు, అర్హతగల సైన్సు ఉపాధ్యాయులు చాలరు. స్టూడియోలో ఒకరు చేసిన ప్రయోగాన్ని అన్ని బడులలోనూ చూడవచ్చు. కొరతను తాత్కాలికంగా పూడ్చడానికి ఈ ఉపాయం మంచిదే. అయితే ప్రసారానికి ఒక వేళ ఉంటుంది. అది ఎవరికోసమూ ఆగదు. వెనకబల్లలో పిల్లవాడికి అర్థం కాకపోతే బొమ్మ వెనక్కు రాదు. మూకీ చిత్రం ఇచ్చిన స్వేచ్ఛను ప్రసారం తీసుకున్నది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా ప్రయోగం ఇంతకంటె ఎన్నోరెట్లు పెద్దది. ఆంధ్రప్రదేశ్ తో సహా ఆరు రాష్ట్రాలలో దాదాపు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం నుంచి కార్యక్రమాలు అందాయి. ఉదయం గంటన్నర పిల్లలకు. హిందీ, తెలుగు, కన్నడం, ఒరియా - భాష ఒక్కింటికి 22.5 నిమిషాలు. అవి హైస్కూలు పిల్లలకు కాక చిన్న తరగతుల వారికి ఉద్దేశించినవే అయినా, మన పల్లెబడికి తెర మీద సైన్సు తెలుగులో చేరడం ఒక చారిత్రక ఘట్టం. 1975 అక్టోబరులో దాదాపు 24,000 మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో పన్నెండు రోజుల శిక్షణ ఇచ్చారు. టెలివిజనుతో పాటు రేడియో, అచ్చుపాఠాలు, చేతితో చేసే పనులు అందులో కలిసి ఉన్నాయి. ఆ ప్రయోగంలో అన్నిటికంటె విలువైన భాగం ఇదేనని నా అభిప్రాయం. తెరను ఉపాధ్యాయుడి స్థానంలో కాక ఉపాధ్యాయుడి చేతికి అందించిన పని అది.

కాని రెండు విషయాలు విస్మరించరాదు. ఉపగ్రహం అమెరికాది. ఏడాది గడువు తీరగానే తిరిగి వెళ్ళిపోయింది. పల్లెల మీదికి దాని ప్రసారం ఆగిపోయింది. ఇక రెండవది, ప్రయోగం మొదలయ్యే నాటికి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి అయిదు వారాలయింది. పైనుంచి కిందికి మాత్రమే మాట దిగే యంత్రం ఆనాటి ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించేది కాదు. పల్లెలోని పిల్లవాడి ప్రశ్న పైకి వెళ్ళే దారి ఆ తెరకు లేదు.

సరిగ్గా ఆ కాలంలోనే మరొక ప్రయోగం ఎదురు దారిలో నడిచింది. 1972లో మధ్యప్రదేశ్ లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి సైన్సు బోధన కార్యక్రమం ప్రారంభించాయి. తెర లేదు, ఉపగ్రహం లేదు. పిల్లలు గుంపులుగా కూర్చుని తామే ప్రయోగం చేసి, తామే రాసుకుని, తమలో తాము వాదించుకునేవారు. 1978లో అది జిల్లా అంతటికీ వ్యాపించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసివేసింది. మూడు దశాబ్దాలు నడిచిన పనిని ఆపడానికి ఒక ఉత్తర్వు సరిపోయింది. పిల్లవాడి చేతికి పరికరం ఇవ్వడం కంటె పిల్లవాడి ముందు తెర పెట్టడం ఏ ప్రభుత్వానికైనా సులువు. తెర ఎదురు ప్రశ్న వేయదు.

వీడియో వల్ల పిల్లలు నిజంగా నేర్చుకుంటారా? ఈ ప్రశ్నకు డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసి, 2008లో వెలువరించిన పరిశోధన పనికివచ్చే జవాబు ఇచ్చింది. విశ్వవిద్యాలయ విద్యార్థులలో కొందరికి బల, చలన సూత్రాలను సూటిగా, స్పష్టంగా వివరించే వీడియో చూపాడు. మరికొందరికి మామూలుగా మనుషులలో ఉండే తప్పు ఊహలను ఒకరు చెప్పగా మరొకరు వాటిని ప్రశ్నించే సంభాషణ చూపాడు. మొదటివారు పాఠం చాలా స్పష్టంగా ఉన్నదన్నారు. కాని పరీక్షలో వారి ప్రగతి స్వల్పం. రెండవవారికి బుర్ర వేడెక్కింది. కాని వారే ఎక్కువ నేర్చుకున్నారు. తన పాత ఊహ తప్పని గుర్తించనివాడు కొత్త పాఠంలో కూడా పాత ఊహనే వింటాడు. ఇది పెద్ద తరగతుల విద్యార్థుల సంగతి అయినా, హైస్కూలు ఉపాధ్యాయులందరికీ అనుభవంలో తెలిసిన సత్యమే. నునుపుగా జారిపోయే పాఠం నేర్పిన పాఠం కాదు.

మార్కెట్టుకు మాత్రం నునుపే సరుకు. 2014లో ఇంటర్నెట్టు పాఠాల వేదిక ఒకదానిలో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన పరిశోధకులు, ఆరు నిమిషాలలోపు వీడియోలనే జనం ఎక్కువగా చివరిదాకా చూస్తున్నారని తేల్చారు. చూడడం వేరు, నేర్వడం వేరు. వ్యాపారికి మొదటిది చాలు.

కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆపత్కాలంలో అది అవసరమే. కాని ఆపద్ధర్మాన్ని నిత్యధర్మం చేయాలని చూసేవారు ఎప్పుడూ ఉంటారు. 2022 జూన్ లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నది. అదే సంవత్సరం డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ఆ పాఠాలు నింపిన టాబ్లెట్లు పంచారు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. 1976లో ఉపగ్రహం మనది కాదు. 2022లో పాఠం మనది కాదు. ప్రజల పిల్లల చదువును ఎవరో ఒకరి లాభనష్టాల పద్దుకు కట్టివేయవచ్చునా?

వీడియోను వద్దనడం నా ఉద్దేశం కాదు. కణ విభజననూ, అగ్నిపర్వతం పేలుడునూ, నెలల తరబడి సాగే మొక్క పెరుగుదలనూ మన పల్లె హైస్కూలులో మరో విధంగా చూపలేము. కాని మనం అడగవలసిన షరతులు స్పష్టంగా ఉండాలి. వీడియో ఉపాధ్యాయుడి అధీనంలో ఉండాలి; ఆపడానికీ, మళ్ళీ చూపడానికీ, తన మాట చేర్చడానికీ ఆయనకు హక్కు ఉండాలి. పిల్లల భాషలో ఉండాలి. జవాబుతో కాక, పిల్లవాడు ముందుగా ఏమనుకుంటున్నాడో అడిగే ప్రశ్నతో మొదలు కావాలి. ప్రజల డబ్బుతో తయారైనది ప్రజల ఆస్తిగా, అందరూ ఉచితంగా నకలు తీసుకునేట్టు ఉండాలి. అన్నిటికీ మించి, టాబ్లెట్టు ఇచ్చాం కనుక పరీక్షనాళిక అక్కరలేదనే లెక్కను ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ ఒప్పుకోరాదు.

కలవారి బడిలో ప్రయోగశాల ఉంటుంది, తెర కూడా ఉంటుంది. లేనివారి బడిలో ప్రయోగశాలకు బదులు తెర ఉంటుంది. ఒకే వీడియో రెండు చోట్లా రెండు పనులు చేస్తుంది. ఒక చోట చేసినదాన్ని లోతుగా చూడడం నేర్పుతుంది. రెండో చోట ఇతరులు చేస్తుంటే చూస్తూ కూర్చోవడం నేర్పుతుంది. ఈ తేడాను తొలగించే పని ఏ కెమెరా వల్లా కాదు. అది బడి బడ్జెట్టు వల్లా, దానికోసం అడిగే గొంతుల వల్లా కావలసిన పని.